యుద్ధనౌక కన్ను, కెమెరా పేరు: నికాన్ పుట్టుపూర్వోత్తరాలు

1950ల నాటి నికాన్ కెమెరా ఒకటి చేతికి దొరికితే దాని మీద ఒకటి కాదు, మూడు పేర్లు కనిపిస్తాయి. ముందువైపు నికాన్ అని పెద్దగా చెక్కి ఉంటుంది. లెన్సు అంచు చుట్టూ ఉన్న సన్నని అక్షరాల్లో నిక్కోర్ అని ఉంటుంది. అదే అంచును ఇంకాస్త పక్కకు తిప్పి చూస్తే నిప్పాన్ కోగాకు అని ఉంటుంది. ఇవి మూడు కంపెనీల పేర్లు కావు. ఒకే కంపెనీ మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు అవసరాల కోసం పెట్టుకున్న పేర్లు. నిప్పాన్ కోగాకు దేశం కోసం, నిక్కోర్ గాజు కోసం, నికాన్ బజారు కోసం పుట్టాయి. వాటిని పుట్టిన వరసలో చదివితే, ఆ కంపెనీ ఎవరి కోసం పనిచేసిందో, ఆ పని ఎప్పుడు ఆగిపోయిందో చాలావరకు తెలిసిపోతుంది.

జపాన్ కంపెనీల పేర్లలో చాలా భాగం ఇంటిపేర్లే. హోండా, సుజుకి, మత్సుషితా అన్నీ అలాంటివే. టొయోటా కూడా టొయోడా అనే ఇంటిపేరు నుంచి వచ్చిందే. 'నిప్పాన్ కోగాకు కోగ్యో'లో మాత్రం మనిషి పేరు లేదు. నిప్పాన్ అంటే జపాన్, కోగాకు అంటే కాంతిశాస్త్రం, కోగ్యో అంటే పరిశ్రమ. ఆ పేరే సంస్థ పుట్టుకను చెబుతుంది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి మంచి దుర్భిణి కావాలన్నా, ఫిరంగి గురి చూసే పరికరం కావాలన్నా జర్మనీ వైపు చూడాల్సిందే. మేలైన కాంతిగాజు తయారీలో జర్మన్లదే పైచేయి. ఆ యుద్ధంలో జపాన్ మిత్రరాజ్యాల పక్షాన నిలిచి జర్మనీ మీదే యుద్ధం ప్రకటించింది. దాంతో సరకు ఆగిపోయింది. ఓడలు, ఫిరంగులు సొంతంగా చేసుకోగల దేశానికి గురి చూసే అద్దం మాత్రం శత్రువు దగ్గర ఉండిపోయింది. ఆ ఇబ్బందిలోంచి 1917 జులై 25న ఈ సంస్థ పుట్టింది. టోక్యోలో విడివిడిగా ఉన్న కాంతి పరికరాల తయారీదార్లను ఒక చోటికి చేర్చారు. పెట్టుబడి మిత్సుబిషి అధిపతి ఇవాసాకి కోయాతా నుంచి వచ్చింది. కాబట్టి సంస్థకు మొదటి రోజు నుంచే ఎదురుచూసే కొనుగోలుదారు ఉన్నాడు. అది నౌకాదళం.

పేరు పెట్టినంత సులువుగా గాజు రాలేదు. కాంతిగాజు తయారీ కిటికీ అద్దాల పని లాంటిది కాదు. ముడిసరుకును మట్టిమూసలో కరిగించి, బుడగలూ చారలూ లేకుండా అదేపనిగా కలుపుతూ ఉండాలి. తర్వాత రోజుల తరబడి నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడితే లోపల ఒత్తిడి మిగిలిపోయి, ఆ గాజులోంచి వెళ్లే వెలుగు వంకర్లు పోతుంది. చల్లారాక మూసను పగలగొట్టి, ముక్కల్లో ఏ మచ్చా లేనివాటిని ఏరుకోవాలి. ఒక మూసెడు గాజులో లెన్సుకు పనికొచ్చేది కొంచెమే. నిప్పాన్ కోగాకు 1918లోనే గాజు మీద పరిశోధన మొదలుపెట్టింది. 1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంతో భూకంపంలో నౌకాదళం నడుపుతున్న గాజు పరిశోధనశాల దెబ్బతింది. ఆ తర్వాత ఆ పని కూడా నిప్పాన్ కోగాకు చేతికే వచ్చింది. భూకంపం తెచ్చిన ఆ మార్పుతో సంస్థకూ నౌకాదళానికీ మధ్య ముడి ఇంకా బిగిసింది.

ఈ మధ్యలో మరో విచిత్రం జరిగింది. ఏ జర్మనీ మీద ఆధారపడకూడదని సంస్థ పెట్టారో, యుద్ధం ముగిశాక ఆ జర్మనీ నుంచే పనివాళ్లను పిలిపించుకున్నారు. ఓడిపోయిన జర్మనీలో అప్పుడు పనుల్లేవు. 1921లో ఎనిమిది మంది జర్మన్ నిపుణులు టోక్యో వచ్చారు. వారిలో లెన్సుల రూపకల్పన తెలిసిన హైన్రిక్ ఆఖ్ట్ 1928 దాకా ఉండి, లెక్కలు వేసే పద్ధతిని జపాన్ ఇంజనీర్లకు నేర్పి వెళ్లాడు. అరచేతిలో ఇమిడే మిక్రాన్ బైనాక్యులర్లు 1921లో వచ్చాయి. 1925లో మైక్రోస్కోపు వచ్చింది. దాని పేరు జోయికో. 'జపాన్ ఆప్టికల్ ఇండస్ట్రీ కంపెనీ' అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలను కూర్చి పెట్టిన పేరది. అందులోనూ దేశం పేరే ముందుంది. సరకు అమ్ముడుపోయే పేరు ఎలా ఉండాలన్న ఆలోచన అప్పటికింకా సంస్థకు రాలేదనిపిస్తుంది.

ఆ ఆలోచన వచ్చింది ఫోటో లెన్సులతోనే. నిప్పాన్ కోగాకు అన్న పొడుగాటి పేరును వాడుకలో 'నిక్కో' అని కుదించేవారు. జపనీస్ లిపిలో నిప్పాన్‌లోని మొదటి అక్షరాన్నీ కోగాకులోని మొదటి అక్షరాన్నీ పక్కపక్కన పెడితే వచ్చేది అదే. చిత్రమేమిటంటే, ఆ రెండు అక్షరాలను కలిపి చదివితే జపనీస్‌లో 'సూర్యకాంతి' అని అర్థం. టోక్యోకు ఉత్తరాన ఉన్న పుణ్యక్షేత్రం నిక్కో పేరు రాసేదీ ఆ అక్షరాలతోనే. వెలుగుతో పనిచేసే సంస్థకు ఇంతకన్నా చక్కటి పొట్టిపేరు వెతికినా దొరికేది కాదు. అయితే విదేశీ చెవికి అది లెన్సు పేరులా వినిపించదు. ఆ రోజుల్లో పేరున్న జర్మన్ లెన్సులు టెస్సార్, ఎల్మార్ అని 'ర్'తో ముగిసేవి. నిక్కో చివర అదే 'ర్' తగిలించారు. అలా 1932లో నిక్కోర్ పుట్టింది. మొదటి సగం జపాన్ వెలుగు, చివరి అక్షరం జర్మన్ అలవాటు. సంస్థ అప్పటిదాకా నడిచిన దారి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

నిక్కోర్ పేరుతో తొలినాళ్లలో వచ్చిన సరకుల్లో 1933 నాటి ఏరో-నిక్కోర్ ఒకటి. విమానంలోంచి నేలను ఫోటో తీయడానికి చేసిన లెన్సు. కాబట్టి నిక్కోర్ అంటే మొదటినుంచీ పెళ్లిఫోటోల సరకు, యుద్ధం దానికి తర్వాత అంటుకుంది అనుకుంటే పొరపాటే. రెండూ ఒకే బల్ల మీద మొదలయ్యాయి.

ఇక్కడ మరో కంపెనీ ప్రస్తావన తప్పదు. పేర్ల విషయంలో నిప్పాన్ కోగాకుకు పూర్తిగా ఎదురుగా నిలిచేది అదే. 1933లో టోక్యోలో ఒక చిన్న గదిలో 'సెయికి కోగాకు పరిశోధనశాల' మొదలైంది. నేటి కానన్ కంపెనీకి మూలం అదే. జర్మన్ లైకాకు దీటైన కెమెరా చేయాలని దాని ఆశ. అందులో ముఖ్యుడు యోషిదా గోరో, కన్నోన్ భక్తుడు. కన్నోన్ అంటే కరుణకు ప్రతిరూపమైన బోధిసత్వుడు, మన అవలోకితేశ్వరుడే. భారతదేశం నుంచి చైనా మీదుగా జపాన్ చేరేసరికి ఆ రూపాన్ని అమ్మవారిగా కొలవడం ఎక్కువైంది. యోషిదా తన కెమెరాకు క్వానాన్ అని పేరు పెట్టాడు. లెన్సుకు కాశ్యప అని పెట్టాడు. బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడి పేరది. కాశ్యప గోత్రానికి మూలమైన ఋషి వేరు, ఈయన వేరు. 'అవలోకించు', 'సింహావలోకనం' అని రోజూ రాసుకునే తెలుగువాళ్లకు ఈ పేరులో ఉన్న అందం విడమరచి చెప్పనక్కర్లేదు. చూడటమే పనిగా ఉన్న యంత్రానికి, లోకాన్ని దయతో చూసేవాడి పేరు.

అయితే ఆ క్వానాన్‌ను జనానికి పరిచయం చేసిన ప్రకటన చదివితే మనసు చివుక్కుమంటుంది. 1934 జూన్‌లో ఒక ఫోటో పత్రికలో వచ్చిన ఆ ప్రకటన చెప్పిందల్లా ఇది: జలాంతర్గామి అంటే ఐ-తరగతి, విమానం అంటే 92వ రకం, కెమెరా అంటే క్వానాన్, మూడూ ప్రపంచంలోకెల్లా మేటివి. కరుణామూర్తి పేరు జలాంతర్గామి పక్కన, యుద్ధవిమానం పక్కన నిలబడింది. రాసినవాళ్లకు అందులో ఎబ్బెట్టుగా ఏమీ తోచలేదు. 1931లో మంచూరియా ఆక్రమణ తర్వాత జపాన్ వీధుల్లో గొప్పతనానికి కొలబద్ద ఆయుధమే. కెమెరా గొప్పదని చెప్పాలంటే అంతకన్నా దగ్గరి పోలిక వాళ్లకు కనిపించలేదు.

ఆ ప్రకటనలోని 92 అన్న అంకె కూడా ఆగి చూడాల్సిందే. జపాన్ సైన్యం తన ఆయుధాలకు సామ్రాజ్య శకం ప్రకారం అంకెలు వేసేది. ఆ శకం క్రీస్తు శకం కన్నా 660 ఏళ్లు ముందు మొదలవుతుంది. 2592వ సంవత్సరం అంటే 1932. అందులో చివరి రెండంకెలే 92. 2600వ సంవత్సరం అంటే 1940లో నౌకాదళం తీసుకున్న యుద్ధవిమానానికి మిగిలింది సున్నా. లోకమంతా చెప్పుకునే 'జీరో' విమానం అదే. ఈ లెక్క తెలిస్తే యుద్ధకాలపు సరకులకు పేర్లు ఎందుకు లేవో అర్థమవుతుంది. ఏ ఏడాది రకమన్నదే అక్కడ గుర్తు. బజారులో పోటీ లేనప్పుడు బజారు పేరుతో పనేముంది?

క్వానాన్ పేరుతో కెమెరా బజారుకు రానేలేదు. విదేశాల్లో అమ్మాలంటే ఒక మతానికి చెందిన పేరు అడ్డు కావచ్చని, దానికి దగ్గరగా పలికే కానన్ అన్న మాట ఎంచుకున్నారు. ప్రమాణం, ధర్మగ్రంథం అనే అర్థాలున్న మాట. 1936లో అమ్మకానికి వచ్చిన మొదటి కెమెరా హంసా కానన్. ఇక్కడ తెలుగు పాఠకుడు బోల్తాపడే అవకాశం ఉంది. క్వానాన్, కాశ్యప తర్వాత హంసా అంటే మన రాయంచే అనిపిస్తుంది. కానీ అది అమ్మకం చూసిన వ్యాపార సంస్థ గుర్తు. మధ్యయుగపు ఐరోపా వర్తక సంఘాన్ని తలచుకుని పెట్టినది.

ఆ హంసా కానన్‌కు కళ్లు అమర్చింది మాత్రం నిప్పాన్ కోగాకు. 50 మిల్లీమీటర్ల నిక్కోర్ లెన్సు, అది బిగించే అమరిక, దూరం సరిచూసే భాగం అన్నీ నిక్కోవే. లెన్సు చేయడం అప్పటికి సెయికి కోగాకు వల్ల అయ్యే పని కాదు. నేడు పోటాపోటీగా నిలిచే నికాన్, కానన్‌లలో ఒకరి మొదటి కెమెరా రెండోవారి కంటితో లోకాన్ని చూసిందన్నమాట.

అప్పటికే నిప్పాన్ కోగాకు అసలు పని వేరే చోట సాగుతోంది. నేల మీద పోరాడే సైన్యం తన అవసరాల కోసం 1932లో టోక్యో కోగాకు అనే మరో సంస్థను వెనకుండి పెట్టించింది. తర్వాత టాప్‌కాన్ అయింది అదే. 'నేల మీద టోకో, నీటి మీద నిక్కో' అన్నది జపాన్‌లో నానుడి అయింది. నీటి మీద నిక్కో చేసినవాటిలో బైనాక్యులర్లు, జలాంతర్గాముల పెరిస్కోపులు, బాంబులు వేసేటప్పుడు గురి చూసే పరికరాలు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది రేంజ్ ఫైండర్, అంటే దూరం కొలిచే యంత్రం.

దాని పని తెలుసుకోవడానికి ఒక వేలు చాలు. వేలిని ముక్కు ముందు పెట్టుకుని ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దూరం పెట్టేకొద్దీ ఆ జరుగుడు తగ్గుతుంది. జరుగుడును కొలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. మనిషి రెండు కళ్ల మధ్య దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. అందుకే మైళ్ల అవతల ఉన్న ఓడ ఎంత దూరంలో ఉందో ఉత్త కంటితో తేలదు. ఆ కళ్లను దూరంగా జరిపితే? పొడవాటి గొట్టం రెండు కొసల్లో రెండు కిటికీలు పెట్టి, పట్టకాలతో వెలుగును మధ్యకు మళ్లించి, అక్కడ కూర్చున్న మనిషి రెండు కళ్లకు అందిస్తే, ఆ మనిషి కళ్లు అంత దూరం జరిగినట్టే. యమాతో, ముసాషి యుద్ధనౌకల కోసం నిప్పాన్ కోగాకు చేసిన యంత్రాల్లో ఆ దూరం 15 మీటర్లు. మనిషి కళ్ల ఎడానికి 230 రెట్లు. ఓడల మీదకెక్కిన ఆ తరహా యంత్రాల్లో అంతకు మించినది లేదు.

ఇంత పెద్దది ఎందుకు కావాలో అంకెలే చెబుతాయి. యమాతో ఫిరంగి నోరు 46 సెంటీమీటర్లు. గుండు బరువు సుమారు 1,460 కిలోలు. అది 42 కిలోమీటర్ల దాకా పోతుంది. 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడను 15 మీటర్ల ఎడంలోని రెండు కిటికీల నుంచి చూస్తే, రెండు చూపుల మధ్య కోణం ఒక డిగ్రీలో ముప్పై అయిదో వంతు. ఓడ 31 కిలోమీటర్లలో ఉంటే ఆ కోణంలో వచ్చే తేడా డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ తేడాను పట్టుకోలేకపోతే గుండు కిలోమీటరు ఇవతలో అవతలో నీళ్లలో పడుతుంది. ఎండకు గొట్టంలో ఒక పక్క వేడెక్కి వెంట్రుకవాసి వంగినా, లోపలి గాలి కదిలినా, పట్టకం పిసరంత పక్కకు జరిగినా కొలత తప్పుతుంది. ఫిరంగి పేలినప్పుడల్లా అదిరిపోయే ఓడ మీద దాన్ని చెక్కుచెదరకుండా నిలపాలి. ఆ పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడే వీలు లేదు. అది దేనికోసం చేసిన పనితనమో మరచిపోయే వీలూ లేదు.

ఆ కాంతి పరికరాలు ఏం చేయగలవో 1942 ఆగస్టులో పసిఫిక్‌లోని సావో దీవి దగ్గర తెలిసింది. జపాన్ ఓడల మీద ఉన్న కాపలావాళ్లు పెద్ద రాత్రి బైనాక్యులర్లతో చీకట్లో మిత్రరాజ్యాల ఓడలను ముందుగా పసిగట్టారు. ఎదుటివారి దగ్గర రాడార్ ఉండి కూడా అక్కరకు రాలేదు. ఆ ఒక్క రాత్రి పోరు నాలుగు క్రూయిజర్లను ముంచింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. జపాన్ నౌకాదళానికి ఆ గెలుపు తమ కంటి మీద తమకున్న నమ్మకాన్ని రెట్టింపు చేసింది. నిజానికి నష్టం అక్కడే మొదలైంది. అటువైపు అమెరికా రాడార్‌ను నెలనెలా మెరుగుపరుస్తూ పోయింది. 1944 అక్టోబరు 25 తెల్లవారుజామున సురిగావో జలసంధిలో అమెరికా యుద్ధనౌకలు చీకట్లో రాడార్ గురితోనే కాల్చాయి. జపాన్ యుద్ధనౌక యమషిరో మునిగింది. కొన్ని గంటల తర్వాత సమార్ దీవి దగ్గర యమాతో దాదాపు 32 కిలోమీటర్ల నుంచి కాల్పులు మొదలుపెట్టింది. చిన్న అమెరికా ఓడలు పొగతెర వేసి, వానజల్లుల్లోకి దూరిపోయాయి. పొగలోంచి, వానలోంచి చూడగల లెన్సు ఎవరి దగ్గరా లేదు. ముసాషి ఒక రోజు ముందే మునిగిపోయింది. యమాతో 1945 ఏప్రిల్ 7న సుమారు 3,000 మందితో మునిగింది. ఆ రెండు ఓడలనూ ముంచింది ఫిరంగులు కావు, విమానాలు. 15 మీటర్ల యంత్రం ఏ పోరు కోసం తయారైందో ఆ పోరు దాదాపు జరగనేలేదు.

ఇదే కాలంలో సెయికి కోగాకు చేసిన సరకుల్లో 1940 నాటి ఎక్స్‌రే కెమెరా ఒకటి. క్షయ జపాన్‌ను పీడిస్తున్న రోజులవి. పెద్ద ఫిల్ము బదులు తెర మీద పడిన ఛాతీ నీడను చిన్న ఫిల్ము మీద తీసి, గుంపులను త్వరగా పరీక్షించవచ్చు. 1942లో ఆ సంస్థ పగ్గాలు చేపట్టిన మితారాయి తకేషి ప్రసూతి వైద్యుడు. అయినా దాన్ని శాంతి సరకు అని వేరు చేసి చూపడం కుదరదు. సైన్యంలో చేరేవాళ్ల ఊపిరితిత్తులు చూడటం కూడా యుద్ధం పనే.

1945 ఆగస్టు నాటికి నిప్పాన్ కోగాకుకు 19 కర్మాగారాలు, సుమారు 23,000 మంది పనివాళ్లు ఉన్నారు. కొనేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఒక్క రోజులో లేకుండా పోయాడు. జపాన్ లొంగిపోయాక వచ్చిన మిత్రరాజ్యాల ఆక్రమణ అధికారులు సైనిక ఉత్పత్తి ఆపించారు. ఒక కర్మాగారం, 1,400 మంది దాకా మిగిలారు. పట్టకం అరగదీసే చేతులు ఉన్నాయి, గాజు ఉంది, కొలతలు తెలుసు. వాటితో ఏం చేయాలన్నదే ప్రశ్న. అంతకుముందు లెన్సులు మాత్రమే ఇచ్చిన సంస్థ కెమెరా మొత్తం తానే చేయాలని తేల్చుకుంది. 1946లో దానికి పేరు వెతికారు. మళ్లీ నిక్కో దగ్గరికే వచ్చి, చివర ఈసారి 'న్' చేర్చారు. 'ర్' తగిలిస్తే లెన్సు, 'న్' తగిలిస్తే కెమెరా.

మొదటి నికాన్ 1948 మార్చిలో బజారుకు వచ్చింది. దాని చిత్రం కొలత 24 మిల్లీమీటర్లకు 32. ఫిల్ము ఆదా అవుతుందని, కాగితం నిష్పత్తికి సరిపోతుందని అలా పెట్టారు. కానీ అమెరికాలో స్లైడ్లు కోసే యంత్రాలు 36 మిల్లీమీటర్లకు అమర్చి ఉన్నాయి. ఆ కారణంతో ఆక్రమణ అధికారులు అమెరికా ఎగుమతికి ఒప్పుకోలేదు. నౌకాదళం చెప్పిన కొలతకు అణువంత తేడా రాకుండా చేసిన సంస్థ, బజారు కొలత దగ్గర తడబడింది. ఆ కాలపు కెమెరాల మీద 'ఆక్రమిత జపాన్‌లో తయారీ' అన్న ముద్ర కూడా ఉంటుంది. పేరు మొదట్లో దేశాన్ని పెట్టుకున్న కంపెనీ సరకు మీద ఆ మాట.

1950లో 'లైఫ్' పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ లెన్సు పనితీరు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. ఆయన తన కెమెరాలకు నిక్కోర్‌లు బిగించుకుని యుద్ధభూమికి వెళ్లాడు. ఆ ఫోటోల స్పష్టత అమెరికా పత్రికల్లో చర్చ అయింది. డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ జపాన్ కెమెరా గురించి రాసింది. అప్పటిదాకా చవక సరకుకు మారుపేరైన 'జపాన్ తయారీ'కి మర్యాద రావడం అక్కణ్నుంచి మొదలైంది. ఒక యుద్ధం కోసం నేర్చిన పని మరో యుద్ధం ఫోటోల వల్ల లోకానికి తెలిసింది. దీన్ని యుద్ధం ఇచ్చిన వరమని రాసేవాళ్లున్నారు. ఆ రాత సరి కాదు. సావోలో మునిగినవాళ్లను, యమాతోతో పోయినవాళ్లను లెక్కలోంచి తీసేస్తేనే అది వరంలా కనిపిస్తుంది.

నికాన్ పేరు జర్మనీలో మాత్రం చిక్కుల్లో పడింది. ఇకాన్ అన్న తన పేరుకు ఇది మరీ దగ్గరగా ఉందని జర్మన్ కెమెరా కంపెనీ జైస్ ఇకాన్ అభ్యంతరం చెప్పింది. అందుకే 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమెరాను అక్కడ నిక్కోర్ పేరుతో అమ్మాల్సి వచ్చింది. జర్మన్ లెన్సుల నుంచి తెచ్చుకున్న 'ర్' ఉన్న పేరే జర్మనీలో అక్కరకొచ్చింది.

సంస్థ పేరు మాత్రం ఇంకా నిప్పాన్ కోగాకుగానే సాగింది. 1988 ఏప్రిల్ 1న దాన్ని మార్చి నికాన్ కార్పొరేషన్ అన్నారు. నిప్పాన్ కోగాకు అన్న చెక్కుడు లెన్సుల అంచు మీద నుంచి అంతకుముందే పోయింది. నిక్కోర్ అన్న మాట మాత్రం ఇవాళ్టి లెన్సుల మీద కూడా ఉంది. నిక్కో అన్న ఆ పాత పొట్టిపేరు అందులోనే ఉంది.